వుడా పార్కు దగ్గర ఫ్లాట్ అద్దెకి కావాలా? వెతకడం నుంచి అడ్వాన్స్ వెనక్కి తెచ్చుకునేదాకా

వైజాగ్‌లో ఇల్లు మారదామనుకునేవాళ్ల నోట ఎక్కువగా వినే మాట, "వుడా పార్కు దగ్గర ఏదైనా ఉంటే చెప్పండి" అని. కాగితాల మీద అది ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్కు, 2018లో వుడా (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) పోయి వీఎంఆర్‌డీఏ వచ్చింది కాబట్టి, అంతకుముందు తారకరామ పార్కు అని కూడా రాసేవారు, కానీ ఆటో ఎక్కి వుడా పార్కు అంటేనే ఎవరికైనా అర్థమయ్యేది. ఒక తరం పిల్లలు స్కేటింగ్ నేర్చుకున్న చోటు, ఇప్పుడు వాళ్ల పిల్లలు నేర్చుకుంటున్నారు. పక్కన సముద్రం, వెనక కిర్లంపూడి లేఅవుట్, ఇంకొంచెం పైకి పెదవాల్తేరు, చినవాల్తేరు, అటుపక్క 1926లో పెట్టిన ఆంధ్రా యూనివర్సిటీ. అందరికీ ఇక్కడే ఉండాలని ఉండటంలో తప్పేం లేదు.

అయితే ఈ ఏరియాలో ఇల్లు చూసే పద్ధతి వేరు. సీతమ్మధారలోనో గాజువాకలోనో చూసినట్టు గదులు, వెలుతురు, వాస్తు చూసి ఓకే అనేస్తే సరిపోదు, ఇక్కడ సముద్రపు ఉప్పు గాలి మీతోపాటు అదే ఇంట్లో కాపురం ఉంటుంది. నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే, బీచ్ రోడ్డు మీద సముద్రం కనిపించే ఫ్లాట్ కోసం పోకండి, రెండు మూడు వీధులు లోపలికి రండి, పార్కు గేటుకి పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగితే చాలు. అద్దె తగ్గుతుంది, ఏసీ ఎక్కువకాలం బతుకుతుంది, ఆదివారం సాయంత్రం మీ కారు మీ ఇంటికి చేరుతుంది. ఎలా చూడాలో వరసగా చెప్తాను.

ముందు ఏ వీధో తేల్చుకోండి

మ్యాప్‌లో పార్కుకి అర కిలోమీటరు అని చూపిస్తే నమ్మేయకండి, కొలవాల్సింది గేటు దాకా నడక. ఆ నడక కూడా మీరు నిజంగా వెళ్లే టైంలో నడిచి చూడండి, పొద్దున అయిదున్నరకో సాయంత్రం ఆరింటికో. వాల్తేరు వైపు నుంచి సముద్రానికి దిగుడు ఉంటుంది, వెళ్లేటప్పుడు హాయిగానే ఉంటుంది, వచ్చేటప్పుడు ఎక్కాలి, ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఈ ఎక్కుడు వాళ్లచేత ఒకసారి ఎక్కించి చూశాకే నిర్ణయం తీస్కోండి. లేకపోతే పార్కు దగ్గరున్నాం అన్న పేరే మిగులుతుంది, అమ్మా నాన్నా డాబా మీదే నడుస్తుంటారు.

ఒక్కో పేటకి ఒక్కో లెక్క. కిర్లంపూడి లేఅవుట్ ప్రశాంతంగా ఉంటుంది, అద్దె గట్టిగా ఉంటుంది, చిన్నా చితకా సామానుకి కూడా కాస్త దూరం నడవాలి. పెదవాల్తేరులో అన్నీ కాళ్ల దగ్గరే, కూరలు, మందుల షాపు, టిఫిన్ బండి, కానీ జంక్షన్‌కి మరీ దగ్గరైతే హారన్లు, ఇంక కరకచెట్టు పోలమాంబ అమ్మవారి పండగ రోజుల్లో ఆ చుట్టుపక్కల వీధుల్లో బండి కదలదు, అది మనకి ఇష్టమైతే వేరే సంగతి, నాకైతే ఆ సందడి కావాలి. చినవాల్తేరు వైపు యూనివర్సిటీ పిల్లలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి బ్యాచిలర్స్‌కి అక్కడ ఇల్లు తేలిగ్గా దొరుకుతుంది. లాసన్స్ బే కాలనీ బాగుంటుంది, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు పెరుగుతుంది అంతే. చేపలు ఇష్టమైనవాళ్లకి పెదజాలారిపేట పక్కనే ఉండటం పెద్ద వరం, పడవ ఒడ్డుకి వచ్చాక వెళ్తే బేరం ఆడి తెచ్చుకోవచ్చు.

బడ్జెట్ అస్సలు కలవకపోతే పట్టుబట్టకండి. ఎంవీపీ కాలనీలో తీస్కుంటే రైతు బజారు అక్కడే, అప్పూఘర్ మీంచి తెన్నేటి పార్కు కూడా అందుతుంది (విశాఖ ఉక్కు కోసం పోరాడిన తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టిన పార్కు అది). ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఉద్యోగమైతే పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు చూడండి, జైలు అడవివరం వెళ్లిపోయాక ఊరి నడిబొడ్డున అంత చోటు చెట్లకి దొరకడం చిన్న విషయం కాదు, పైగా అక్కడ ఉప్పు గాలి బాధ బాగా తక్కువ.

వెతకడం

యాప్‌లు చూడండి, రేట్ల అంచనాకి పనికొస్తాయి, కానీ ఈ వీధుల్లో మంచి ఫ్లాట్లు యాప్ దాకా రాకముందే అయిపోతాయి. గేటుకి వేలాడే టులెట్ బోర్డు, వాచ్‌మన్, ఇస్త్రీ బండి అతను, ఈ ముగ్గురే అసలు సమాచారం. వాచ్‌మన్లు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ల నుంచి కుటుంబంతో వచ్చి సెల్లార్ పక్క గదిలో ఉండేవాళ్లు, మర్యాదగా పలకరిస్తే ఓనర్ చెప్పనివి కూడా చెప్తారు.

"బాబాయ్, ఖాళీ ఏమైనా ఉందా?" అంటే "మూడో ఫ్లోర్లో ఉంది బాబూ, నెలాకరుకి ఎల్లిపోతన్నారు" అంటాడు. అక్కడితో ఆపకండి. "వాళ్లెందుకు వెళ్లిపోతున్నారు? నీళ్లు ఎలా ఉంటాయి?" అని అడగండి. "మునిసిపాల్టీ నీళ్లు పొద్దున ఒక గంటొస్తాది, మిగిలిందంతా బోరే, ఏసంగిలో ట్యాంకర్" అన్నాడంటే మీకు సగం పని అయిపోయింది. పక్క ఫ్లాట్ల అద్దె ఎంతో కూడా అతన్నే అడగండి, అలా నాలుగు బిల్డింగులు తిరిగితే ఆ వీధి రేటు ఎంతో మీకే తెలిసిపోతుంది, ఓనర్ చెప్పిన అంకె ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్రోకర్ ద్వారా వెళ్తే కమీషన్ ఎంతో, అది ఎప్పుడు ఇవ్వాలో ఇల్లు చూడకముందే మాట్లాడేస్కోండి. అగ్రిమెంట్ సంతకం అయ్యి తాళం చేతికొచ్చాకే ఇస్తామని చెప్పండి. ఇల్లు చూపించడానికే డబ్బులడిగేవాడితో, వీడియోలో చూపించి టోకెన్ అడ్వాన్స్ పంపమనేవాడితో మాట్లాడటం ఆపేయండి.

టైం విషయానికొస్తే, మే జూన్‌లో స్కూళ్ల కోసం అందరూ ఒకేసారి మారతారు, అప్పుడు బేరం కుదరదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని కొత్త ఇంట్లోకి దిగరు కదా, ఆ నెలల్లో ఖాళీగా పడున్న ఫ్లాట్ ఓనర్ కాస్త మెత్తగా ఉంటాడు. మీకు పట్టింపు ఉంటే అప్పుడు మాట్లాడి అగ్రిమెంట్ రాసేస్కుని, మాసం మారాక మంచి రోజు చూసి పాలు పొంగించుకోవచ్చు.

ఇల్లు చూడటం, ఇదే అసలు సంగతి

రెండుసార్లు వెళ్లండి, ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం రెండు మూడింటికి. తూర్పు కిటికీలున్న ఇంట్లోకి సముద్రపు గాలి వస్తుంది, పడమర గోడలున్న బెడ్‌రూం సాయంత్రానికి పొయ్యిలా కాగుతుంది, పొద్దున చల్లగా ఉందని సంతకం పెడితే మేలో తెలుస్తుంది.

తుప్పు చూడండి. బాల్కనీ గ్రిల్ కింద నేలకి తగిలే చోట తాళంచెవితో కొంచెం గీకండి, పైన కొత్త పెయింట్ తళతళలాడుతున్నా లోపల పొరలు పొరలుగా రాలిందంటే ఆ గ్రిల్ బలం అయిపోయినట్టే, చిన్న పిల్లలుంటే ఆ బాల్కనీ ప్రమాదం. స్విచ్‌బోర్డు స్క్రూల తలలు చూడండి, గోధుమరంగులోకి తిరిగి చుట్టూ మరక కారి ఉంటే లోపల వైర్ల చివర్లు కూడా అలాగే ఉంటాయని లెక్క, ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్లి ఒక బోర్డు ఊడదీయించండి. తలుపుల బందులు, గడియలు, స్లైడింగ్ కిటికీ పట్టాలో ఇసుక, అన్నీ చేత్తో తిప్పి చూడండి. ఓనర్ ఏసీ ఇస్తున్నాడంటే సంతోషపడేముందు బయట యూనిట్ వెనక రేకులు చూడండి, వేలు తగిలితే పొడిగా రాలుతుంటే గ్యాస్ లీకు, రిపేర్ ఖర్చు దగ్గర్లోనే ఉన్నాయి, అది ఎవరు పెట్టుకోవాలో అగ్రిమెంట్‌లో రాయించండి.

తర్వాత సెల్లార్‌లోకి దిగండి, ఇది చాలామంది చెయ్యరు. పాత బిల్డింగుల్లో స్తంభాల మీద నిలువుగా, లోపల ఇనుము ఉన్న వరుస వెంట పగుళ్లు వచ్చాయేమో, సన్‌షేడ్ల కింద పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయేమో చూడండి. ఉప్పు గాలి కాంక్రీట్ లోపలికి చేరితే ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే పైన కాంక్రీట్ పగిలి ఊడిపోతుంది. పైన సిమెంట్ పూసి రంగేస్తే కనపడదు గానీ మళ్లీ వస్తుంది. ఇలా ఉన్న బిల్డింగ్ ఎంత చవకైనా వద్దు.

నీళ్లు. వంటింట్లో, బాత్రూంలో రెండు చోట్లా కుళాయి తిప్పండి, ఏది బోరు నీళ్లో ఏది మునిసిపల్ నీళ్లో అడగండి. కుళాయి మూతి చుట్టూ, షవర్ రంధ్రాల్లో, బకెట్ అంచుకి తెల్లగా గార కట్టి ఉంటే ఇంక అడగక్కర్లేదు. సముద్రం దగ్గర బోర్లలో ఉప్పు తగలడం మామూలే, ఆ నీళ్లతో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది, గీజర్ కాయిల్ తొందరగా పోతుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించే, చేతిలో పట్టే టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది, కొని జేబులో పెట్టుకు తిరగండి. తాగే నీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2000 దాకా అనుమతి, ఈ రెండు అంకెల మధ్య మీ గ్లాసు ఎక్కడుందో చూస్కోండి. నగరానికి వచ్చే నీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు కాలవ మీద ఆధారపడినవి, ఎండలు ముదిరి మట్టాలు పడిపోతే కుళాయి టైం తగ్గుతుంది, అప్పుడు ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా, విడిగా పంచుతారా అనేది ఇప్పుడే తెలుసుకోవాలి. సంపు ఎంత పెద్దదో కూడా చూడండి.

హుద్‌హుద్ తుపాను గురించి తప్పకుండా అడగండి. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ బీచ్ వైపు ఇళ్లల్లో కిటికీ అద్దాలు పగిలి నీళ్లు హాల్లోకొచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు. "అప్పుడు ఈ ఫ్లాట్‌కి ఏమైంది, తర్వాత ఏం మార్చారు?" అన్న ప్రశ్నకి ఓనర్ వివరంగా చెప్పగలిగితే అతను ఇల్లు పట్టించుకునే మనిషని అర్థం. అద్దాల మందం, ఫ్రేము బిగువు, జనరేటర్ లిఫ్ట్‌కి మాత్రమేనా ఇంట్లో లైట్లకీ ఇస్తారా, అన్నీ ఆ మాటలోనే బయటికొస్తాయి.

పార్కు పక్కనే కాబట్టి సాయంత్రం ఏడింటికి బాల్కనీలో ఒక పావుగంట నిలబడండి, దోమల సంగతి తెలిసిపోతుంది, మెష్ లేకపోతే వేయించమనండి. బీచ్ రోడ్డుకి ఆనుకుని ఉన్న ఇల్లయితే ఆదివారం రాత్రి కూడా ఒకసారి వెళ్లి చూడండి, నేవీ విన్యాసాలు, డిసెంబర్ 31 రాత్రి, విశాఖ ఉత్సవ్ లాంటివి ఉన్నప్పుడు రోడ్డు మూసేస్తారు, ఆ రోజు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కేజీహెచ్‌కి ఏ వీధిలోంచి బయటపడాలో ముందే తెలిసుండాలి.

కాగితాలు

ఇల్లు నచ్చింది. ఇప్పుడు మాట్లాడే మనిషి నిజంగా ఓనరేనా అన్నది తేల్చాలి. జీవీఎంసీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆ మనిషి ఆధార్ మూడింట్లోనూ పేరు కలవాలి. అనుమానముంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరం) తీయించి చూడండి. ఈ ఏరియాలో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, ఇక్కడ బావమరిదో తండ్రో అద్దె వసూలు చేస్తుంటారు, అలాంటప్పుడు జీపీఏ (ఓనర్ తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే) కాగితం చూపించమనండి, ఓనర్‌తో ఒక్కసారైనా వీడియో కాల్ మాట్లాడండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఓనర్ ఎన్నారై అయితే అద్దెలో టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లదే, అద్దె చిన్నదైనా సరే, కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందే ఆడిటర్ని కలవండి.

అడ్వాన్స్ ఎంత? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహానికి రెండు నెలల అద్దెకి మించొద్దంటుంది. ఓనర్ అయిదు నెలలడిగితే ఈ మాట చెప్పి బేరమాడండి. నోటి లెక్క వద్దు, బ్యాంకు ద్వారానే పంపండి, పంపేటప్పుడు వివరం దగ్గర "అద్దె అడ్వాన్స్" అని టైప్ చెయ్యండి.

అగ్రిమెంట్ అంటే స్టాంపు పేపర్ మీద పదకొండు నెలలకి రాసేయడం మన అలవాటు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజుని తప్పనిసరిగా రిజిస్టర్ చేయమంది కాబట్టి ఈ పదకొండు నెలల పద్ధతి దేశమంతా పాకింది. అయితే మన రాష్ట్రం 1999లో ఆ సెక్షన్ని సవరించి ఏ లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే అని పెట్టింది, ఈ సంగతి చాలామంది ఓనర్లకే తెలీదు. అడ్వాన్స్ పెద్ద మొత్తమైతే, మీరు రెండు మూడేళ్లు ఉండేట్టయితే రిజిస్టర్ చేయించుకోవడమే మంచిది, ఖర్చు చెరిసగం వేసుకుందామంటే చాలామంది ఒప్పుకుంటారు.

లోపల ఏముండాలంటే, అద్దె, అది ఏ తారీఖుకి కట్టాలి, ఏడాదికి ఎంత శాతం పెంచుతారు, మెయింటెనెన్స్ ఎవరిది, అందులో ఏమేమి కలిసున్నాయి, పార్కింగ్ నంబరు (సెల్లార్‌లో స్తంభం మీద రాసున్న నంబరు, "పార్కింగ్ ఉంది" అన్న మాట చాలదు), ఖాళీ చేయడానికి ఇరువైపులా ఎన్నాళ్ల నోటీసు. నోటీసు గురించి ఏమీ రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకి పదిహేను రోజుల నోటీసే చాలు, పిల్లల స్కూలు మధ్యలో పదిహేను రోజుల్లో ఇల్లు ఎక్కడ వెతుకుతారు, కనీసం రెండు నెలలని రాయించండి. పెయింటింగ్ ఖర్చు సంగతీ ఇప్పుడే తేల్చండి. దీనికి తోడు ఉప్పు గాలి వల్ల పాడయ్యే గ్రిల్స్, బందులు, వైరింగ్, మోటారు ఓనర్ బాధ్యత అని ఒక లైను. ఈ ఒక్క లైను సిటీలో ఇంకెక్కడా పెద్దగా అక్కర్లేదు, ఇక్కడ కావాలి.

నాన్‌వెజ్ వండుతాం, కుక్కపిల్ల ఉంది, ఇద్దరు బ్యాచిలర్లం, రాత్రి షిఫ్టు, ఏది ఉన్నా ముందే చెప్పేయండి. ఓనర్ కాదంటే ఆ రోజే కాదంటాడు, సామాను దించాక అనడు.

దిగిన రోజు

సామాను లారీ రాకముందు ఖాళీ ఇంటిని వీడియో తీయండి, గది గదికీ, గోడ మీద మరకలు, పగిలిన టైలు, గ్రిల్ తుప్పు, కరెంటు మీటర్ రీడింగ్, అన్నీ. ఆ వీడియో అదే రోజు ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి, "ఈరోజు దిగినప్పుడు ఇల్లు ఇలా ఉంది అండి" అని ఒక ముక్క రాసి. తేదీతో సహా అక్కడే ఉండిపోతుంది.

కరెంటు బిల్లు విషయంలో ఒక మాట. సర్వీస్ నంబరు తీస్కుని పాత బకాయిలున్నాయేమో ఈపీడీసీఎల్ యాప్‌లో చూడండి. తర్వాత ఎప్పుడైనా బిల్లులో ఏసీడీ (వాడకం పెరిగితే అడిగే అదనపు డిపాజిట్) అని అదనంగా వస్తే అది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల డిపాజిట్లో చేరే డబ్బు, కాబట్టి ఓనర్ కట్టాలి, మీరు కడితే అద్దెలో మినహాయించుకోండి. ట్రూఅప్ ఛార్జీలు (పాత వాడకానికి తర్వాత సర్దుబాటుగా వేసేవి) వస్తే అవి ఏ కాలం వాడకానికో చూడండి, మీరు దిగకముందువైతే మీవి కావు. అగ్రిమెంట్‌లో ఇది కూడా పెట్టేస్తే గొడవే ఉండదు.

ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్స్ మీద పన్ను మినహాయింపు) క్లెయిం చేసేవాళ్లు, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ కావాలి, అది మొదట్లోనే తీసి పెట్టుకోండి, మార్చిలో అడిగితే ఫోనెత్తరు.

ఉన్నన్నాళ్లూ చేయాల్సినవి చిన్నవే. ఏసీ బయట యూనిట్‌ని నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి, బందులకి, గడియలకి కొబ్బరినూనో మెషీన్ ఆయిలో రాయండి, ఫ్రిజ్ వెనక గోడకి జానెడు ఖాళీ వదలండి, సముద్రం వైపు కిటికీలు రాత్రంతా బార్లా తెరిచి ఉంచకండి. రిపేర్ ఏదొచ్చినా ఫోన్‌లో చెప్పాక మళ్లీ మెసేజ్ పెట్టండి.

ఖాళీ చేసేటప్పుడు

నోటీసు రాతలో ఇవ్వండి. ఆఖరి నెలల అద్దె అడ్వాన్సులో పట్టుకోమంటారు చాలామంది, అగ్రిమెంట్‌లో లేకుండా అలా చేస్తే మాట పడాల్సొస్తుంది, ఓనర్ ఒప్పుకుంటే మెసేజ్‌లో ఒప్పుకోమనండి. వెళ్లేముందు దిగినరోజు వీడియో పక్కన పెట్టుకుని ఓనర్‌తో కలిసి గదులు తిరగండి. తెలిసినవాళ్ల ఇంట్లో ఒక ఓనర్ గ్రిల్ మొత్తం మార్చాలని అడ్వాన్సులో పెద్ద మొత్తం కోయబోయాడు, దిగినరోజు వీడియోలో అదే గ్రిల్ కింద తుప్పు స్పష్టంగా కనపడింది, చూసి ఆ మాట వదిలేశాడు. పెయింటింగ్‌కి ఎంత, కరెంటు ఆఖరి బిల్లుకి ఎంత, ఒక కాగితం మీద లెక్క రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, మిగతా డబ్బు అకౌంట్లో పడ్డాకే తాళాలు చేతికివ్వండి. మీ అడ్రస్‌తో ఉన్న గ్యాస్, బ్యాంకు, ఆధార్ మార్చుకునేదాకా ఉత్తరాలు ఆ ఇంటికే వస్తాయి, వాచ్‌మన్‌కి మీ కొత్త ఫోన్ నంబరు, చేతిలో ఎంతోకొంత పెట్టి వెళ్లండి.